తక్కెడలో రెండో పళ్లెం: ‘హీట్’ సినిమా, నేరగాడి లెక్క



మాకు క్రిమినల్ లా చెప్పే రోజుల్లో మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఏ తీర్పు చదివించినా, సెక్షన్ల చర్చ ముగిశాక పుస్తకం మూసి ఒకే ప్రశ్న అడిగేవారు: “ఆ రోజు పొద్దున ఆ మనిషి ముందు ఎన్ని దారులున్నాయి?” వాడు దొంగ కాబట్టి దొంగతనం చేశాడు అనే జవాబును ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. కూర్చోబెట్టి మళ్లీ చదివించేవారు. ఆయన అడిగిన ప్రశ్నకు నేరశాస్త్రంలో ఒక పేరుందనీ, దాని చుట్టూ పెద్ద వాదోపవాదాలు నడిచాయనీ నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తెలియలేదు. ఆ పేరు హేతుబద్ధ ఎంపిక సిద్ధాంతం. ఈ సాయంత్రం దాన్ని నేను ఎన్నోసార్లు చూసిన ఒక సినిమా పక్కన పెట్టి చూస్తాను.

సినిమా పేరు ‘హీట్’. మైఖేల్ మాన్ రాసి, తీశాడు. 1995 డిసెంబరులో విడుదలైంది. నిడివి మూడు గంటలకు పది నిమిషాలు తక్కువ. లాస్ ఏంజెలెస్‌లో దోపిడీ ముఠా నడిపే నీల్ మెకాలీగా రాబర్ట్ డి నీరో, అతన్ని వెంటాడే పోలీసు లెఫ్టినెంట్ విన్సెంట్ హానాగా అల్ పచీనో నటించారు. ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగే సన్నివేశం కోసమే చాలామంది ఈ సినిమాను గుర్తుపెట్టుకున్నారు. దానికి మూలం నిజంగా జరిగిన సంగతి. నీల్ మెకాలీ అనే దొంగ షికాగోలో ఉండేవాడు. చక్ ఆడమ్సన్ అనే డిటెక్టివ్ అతన్ని వెంటాడుతూ ఒకరోజు అతనితో కలిసి కాఫీ తాగాడు. 1964లో ఒక సరుకుల దుకాణాన్ని దోచి పారిపోతుండగా మెకాలీ పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆడమ్సన్ చెప్పిన ఈ కథనే మాన్ 1989లో ‘ఎల్.ఎ. టేక్‌డౌన్’ పేరుతో ఒకసారి టీవీకి తీసి, తర్వాత మళ్లీ పెద్దగా తీశాడు.

ఇక సిద్ధాంతం. మనిషి నేరం చేసే ముందు లాభం, కష్టం, పట్టుబడే అవకాశం, పడబోయే శిక్ష అన్నీ ఏదో ఒక మేరకు తూచుకుంటాడని ఇది చెబుతుంది. 1764లో ఇటలీలో బెకారియా, ఆ తర్వాత ఇంగ్లండులో బెంథామ్ ఈ మాట చెప్పారు. తర్వాత గాలి మారింది. 1876లో లాంబ్రోసో పుర్రెలు కొలిచి, నేరగాడు పుట్టుకతోనే నేరగాడన్నాడు. ఆ ఆలోచన ఎంత ప్రమాదమో మన తెలుగువాళ్లకు పుస్తకాలు చెప్పనక్కర్లేదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. ఎరుకల కుటుంబాలను పుట్టుదొంగలని ముద్రవేసి సెటిల్‌మెంట్లలో కాపలాలో పెట్టారు. ఆ చట్టం 1952లో పోయింది. అలాంటి సెటిల్‌మెంటుగా మొదలైన స్టువర్టుపురం అనగానే మన సినిమావాళ్లకు తట్టే కథ మాత్రం ఇంకా పోలేదు. అందుకే, లెక్కలు వేసుకునే నేరగాడు అనే ఊహ పైకి చల్లగా కనిపించినా నాకు అందులో ఒక గౌరవం కనిపిస్తుంది. అది నేరం చేసినవాణ్ణి మనలాగే ఆలోచించే మనిషిగా చూస్తుంది.

1968లో గ్యారీ బెకర్ దీన్ని ఆర్థికశాస్త్రపు భాషలోకి మార్చాడు. ఆ ఆలోచన ఎలా పుట్టిందో 1992లో నోబెల్ ఉపన్యాసంలో ఆయనే చెప్పాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థికి మౌఖిక పరీక్ష పెట్టాలి. ఆలస్యమైంది. కారును డబ్బు కట్టి పార్కింగులో పెట్టాలా, జరిమానాకు తెగించి వీధిలో వదిలేయాలా అని లెక్క వేసుకున్నాడు. వీధిలోనే వదిలేశాడు. పరీక్ష గదికి నడుస్తూ, నగర అధికారులు కూడా ఇలాంటి లెక్కే వేసి ఉంటారు కదా అనుకున్నాడు. ఆయన సూత్రంలో నేరాల సంఖ్యను నిర్ణయించేవి మూడు: పట్టుబడి శిక్షపడే అవకాశం, శిక్ష పరిమాణం, మూడోది ‘యు’ అనే అక్షరం. మిగతా కారణాలన్నీ కుక్కిన సంచి ఆ అక్షరం. నిజాయితీగా బతికితే ఆ మనిషికి ఏం దొరుకుతుందన్నది కూడా ఆ సంచిలోనే ఉంది. నేను ఇవాళ చివరికి చేరాలనుకుంటున్నది ఆ సంచి దగ్గరికే.

సినిమా మొదటి దోపిడీ చూడండి. డబ్బు తరలించే ఉక్కు వ్యానును పెద్ద లారీతో గుద్ది పడగొడతారు. తలుపును పేలుడుతో తెరుస్తారు. లోపలున్న 16 లక్షల డాలర్ల బేరర్ బాండ్లు తీసుకుంటారు. పక్కనే ఉన్న విడి నగదును ముట్టుకోరు. పోలీసులొచ్చే దారిలో ముళ్ల పట్టీలు పరుస్తారు. తర్వాత నేరస్థలంలో నడుస్తూ హానా ఆ నగదును చూసే వీళ్లెవరో పసిగడతాడు: వీళ్లకు మన రాక ఎన్ని నిమిషాల్లోనో తెలుసు, ఏది మోయడానికి విలువైనదో తెలుసు, పారిపోయే రహదారి దగ్గర్లో ఉండేలా చోటు ఎంచుకున్నారు. దర్యాప్తు చేయడమంటే అవతలివాడి లెక్కను వెనక నుంచి ముందుకు చదవడమేనని ఇంత బాగా చూపిన దృశ్యం నేనింకోటి చూడలేదు.

కానీ అక్కడే మూడు శవాలున్నాయి. ముఠాలో కొత్తగా చేరిన వెయిన్‌గ్రో, పేలుడుకి చెవులు దిమ్మెక్కి మాట వినిపించని ఒక గార్డును అకారణంగా కాల్చేస్తాడు. రెండో గార్డు తుపాకి తీయబోయి చచ్చిపోతాడు. అప్పుడు నీల్ కనుసైగ చేస్తాడు, మూడోవాడూ నేలకూలుతాడు. వెయిన్‌గ్రోది ఉన్మాదం. నీల్‌ది మాత్రం లెక్క. దోపిడీలో ఒక ప్రాణం పోతే ముఠా అందరిదీ మొదటి తరగతి హత్యే అని కాలిఫోర్నియా చట్టం ఆనాడు చెప్పేది. 2018లో ఆ చట్టాన్ని సడలించారు. మొదటి తూటా పేలగానే అందరికీ పెద్ద శిక్ష ఖాయమైంది. ఇక సాక్షిని బతకనిస్తే వాళ్లకు కలిసొచ్చేదేముంది? హానా కూడా ఇదే తేలుస్తాడు.

ఈ ప్రమాదాన్ని 1748లోనే మాంటెస్క్యూ గుర్తించాడు. చైనాలో దోచి చంపినవాడికి వేరే ఘోరమైన శిక్ష ఉంటుంది కాబట్టి అక్కడ దొంగలు దోచి వదిలేస్తారనీ, రష్యాలో రెండింటికీ ఒకే శిక్ష కాబట్టి అక్కడ చంపే పోతారనీ రాశాడు. బెకారియా దీన్నే శిక్షల నిచ్చెనగా చెప్పాడు. చిన్న తప్పుకూ పెద్ద తప్పుకూ మధ్య మెట్లు తీసేస్తే, మొదటి మెట్టు ఎక్కినవాడికి పై మెట్టు దగ్గర ఆగాల్సిన కారణం ఉండదు. మన చట్టంలోనూ ఇటువంటి చోట్లున్నాయి. అయిదుగురో, అంతకు మించో కలిసి బందిపోటు దోపిడీ చేస్తుండగా ఒకడు హత్య చేస్తే అందరూ బాధ్యులే. పాత శిక్షాస్మృతిలో అది 396వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 310. అయినా అక్కడ పదేళ్ల నుంచి మరణశిక్ష దాకా జడ్జి చేతిలో కొంత వెసులుబాటు ఉంది. 2019 డిసెంబరులో అత్యాచారానికి మరణశిక్ష పెట్టే దిశ బిల్లును ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించినప్పుడు రాష్ట్రమంతా కోపంతో, దుఃఖంతో రగులుతోంది. నేనూ రగిలాను. కానీ అత్యాచారానికే మరణశిక్ష పెడితే, ఆ చీకట్లో ఆ ఆడపిల్లను బతకనివ్వడానికి వాడికి చట్టం ఏ కారణం మిగులుస్తోంది? 2013లో జస్టిస్ వర్మ కమిటీ అత్యాచారానికి మరణశిక్షను సిఫారసు చేయలేదు. ఆ నివేదికను విద్యార్థులు పూర్తిగా చదవాలని నా కోరిక. శిక్ష ఎంత పెద్దదన్నది మన కోపాన్ని చల్లారుస్తుందేమో గాని, బాధితురాలి ప్రాణానికి అడ్డుగా నిలబడుతుందా అన్నది వేరే ప్రశ్న.

లోహాల గిడ్డంగి దొంగతనం దగ్గర ఈ సిద్ధాంతం తన బలమంతా చూపుతుంది. లోపల ముఠాలోని క్రిస్ బీరువాను తొలిచే పని సగంలో ఉంది. బయట ఒక వ్యానులో పోలీసులు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. అలసిన ఒక పోలీసు వెనక్కి ఆనుకుంటాడు, చిన్న చప్పుడు. కాపలాగా నిలబడ్డ నీల్ అది విన్నాడు. లోపలికి వెళ్లి పద అన్నాడు, అంతే. అంత శ్రమను, అంత సొత్తును వదిలేసి నడిచి వెళ్లిపోతారు. హానా వాళ్లను ఆపడు. ఇప్పుడు పట్టుకుంటే తలుపు పగలగొట్టిన చిన్న కేసే మిగులుతుంది, కొన్నాళ్లలో బయటికొస్తారు. దొంగా పోలీసూ ఒకే తక్కెడతో తూస్తున్నారు.

ఇది సినిమా దొంగల సంగతి. బయట లోకంలో లెక్క ఇంత నిఖార్సుగా ఉండదు. ఫ్లాయిడ్ ఫీనీ కాలిఫోర్నియాలో దోపిడీదారులతో మాట్లాడితే, సగానికి పైగా అసలు ఏ ప్రణాళికా వేసుకోలేదన్నారు. బ్రిటన్‌లో రైలీ, రిక్‌మన్, విట్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు బ్యాంకు దోపిడీల లెక్కలు తీసి 2012లో ప్రచురించారు. ఒక్కో దోపిడీకి సగటు రాబడి 20 వేల పౌండ్లకు కాస్త ఎక్కువ. మూడో వంతు మంది ఖాళీ చేతులతో పోయారు. నాలుగుసార్లు చేస్తే, పట్టుబడే అవకాశమే సగాని కంటే ఎక్కువ. ‘హీట్’ వచ్చిన రెండేళ్లలోపే, 1997 ఫిబ్రవరి 28న, అదే నగరంలోని నార్త్ హాలీవుడ్‌లో ఇద్దరు మనుషులు ఒంటినిండా కవచాలతో, ఆటోమేటిక్ తుపాకులతో ఒక బ్యాంకులోకి చొరబడ్డారు. బ్యాంకుకు డబ్బు వచ్చే వేళలు మారాయని వాళ్లకు తెలియదు. అనుకున్నదాంట్లో సగం కూడా దొరకలేదు. 44 నిమిషాల కాల్పుల తర్వాత ఇద్దరూ రోడ్డు మీద చనిపోయారు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు మనవాళ్లు. ఆ దొరకడం ఎంత సులభమో ముందుగా ఏ దొంగా సరిగా అంచనా వేయడు.

డెరెక్ కార్నిష్, రోనాల్డ్ క్లార్క్ సంకలనం చేసిన ‘ది రీజనింగ్ క్రిమినల్’ 1986లో ఈ చోటనే సిద్ధాంతాన్ని సవరించింది. హెర్బర్ట్ సైమన్ చెప్పిన పరిమిత హేతుబద్ధతను వాళ్లు తీసుకున్నారు. మనిషి తూస్తాడు, కానీ తొందరలో, అరకొర సమాచారంతో, తాగిన మత్తులోనో అప్పుల బెంగలోనో తూస్తాడు. ఇంకో మెలకువ కూడా చెప్పారు. ఈ దారిలోకి రావాలా వద్దా అనే నిర్ణయం వేరు, ఈ బ్యాంకును ఇవాళ కొట్టాలా అనే నిర్ణయం వేరు. రెండోదాన్ని మార్చడం తేలిక. పశ్చిమ జర్మనీలో 1980 నుంచి హెల్మెట్ లేనివాళ్లకు అక్కడికక్కడే జరిమానా వేయడం మొదలుపెడితే, మోటారు సైకిళ్ల దొంగతనాలు దాదాపు లక్షన్నర నుంచి 1986 నాటికి 54 వేలకు పడిపోయాయి. చేతిలో హెల్మెట్ లేకుండా బండి ఎత్తుకెళ్తే మొదటి కూడలిలోనే ఆపుతారు. ఎవడి మనసూ మారలేదు, లెక్క మారింది. పోలీసు శాఖలకు ఈ రెండో నిర్ణయం మీదే మక్కువ ఉండడం సహజం. మాస్టారి ప్రశ్న మాత్రం మొదటిదాని గురించి.

పెద్ద బ్యాంకు కొట్టే ముందు ముఠా సమావేశమవుతుంది. కోటీ ఇరవై లక్షల డాలర్ల పని. పోలీసులు తమ వెంటపడ్డారని తేలిపోయింది. నీల్ ఒక్కొక్కరినీ అడుగుతాడు. చెరిటోతో, నీకు ఆస్తులున్నాయి, నిన్ను చూసుకునే ఇల్లాలుంది, నీకిది అక్కర్లేదు అంటాడు. చెరిటో ఒక్క క్షణం ఆగి, నాకు ఆ పనిలోనే మజా ఉందన్న అర్థం వచ్చే మాట చెబుతాడు. జాక్ కాట్జ్ 1988లో రాసిన పుస్తకమంతా ఈ ఒక్క మాటకు వ్యాఖ్యానంలా ఉంటుంది. నేరం చేసే క్షణపు ఉద్వేగాన్ని లాభనష్టాల పట్టికలో రాయలేమని ఆయన వాదన. లాభాల వైపు మజాను కూడా కలుపుకుంటే సరిపోతుందని సిద్ధాంతం పక్షంవాళ్లు జవాబిస్తారు. నాకు ఆ జవాబు రుచించదు. ఏది కోరుకుంటే అది లాభమేననుకుంటే, అబద్ధమని తేలే అవకాశమే లేని సూత్రం మిగులుతుంది.

నీల్‌కు ఒక నియమం ఉంది. వీధి మలుపులో పోలీసుల వేడి తగిలితే, ముప్పై సెకన్లలో వదిలి వెళ్లలేనిదేదీ జీవితంలోకి రానివ్వకూడదు. అందుకే సముద్రపు ఒడ్డున అతని ఇంట్లో దాదాపు ఏ సామానూ ఉండదు. చివర్లో విమానం సిద్ధంగా ఉంది, పక్కన అతను ప్రేమించిన ఈడీ ఉంది, దారి ఖాళీగా ఉంది. తమను పోలీసులకు పట్టించిన వెయిన్‌గ్రో విమానాశ్రయం దగ్గర హోటల్లో ఉన్నాడని ఫోనులో తెలుస్తుంది. సొరంగంలో తెల్లని వెలుగులో కారు నడుపుతూ నీల్ ముఖంలో మారే రంగులు చూడాలి. ఇన్నేళ్లు లెక్క తప్పనివాడు స్టీరింగు తిప్పేస్తాడు. పగ తీర్చుకుంటాడు, హానా కంటపడతాడు, కారులో ఈడీని వదిలి తన నియమం పాటిస్తాడు, రన్‌వే దీపాల మధ్య చచ్చిపోతాడు. దోపిడీ చేసినవాళ్లలో బతికి బయటపడేది క్రిస్. జూదానికి డబ్బు తగలేసేవాడు, ఏ నియమమూ లేనివాడు. అతని భార్య చార్లీన్‌ను పోలీసులు ఒక ఇంట్లో ఉంచి, భర్తను పట్టిస్తే బిడ్డ నీ దగ్గరే ఉంటాడు, లేకపోతే నువ్వూ జైలుకే అని బేరం పెడతారు. ఏ లెక్కలో చూసినా ఆమె పట్టివ్వాలి. బాల్కనీలోకి వచ్చి, పోలీసులకు కనబడకుండా చేత్తో చిన్న సైగ చేస్తుంది. క్రిస్ కారు తిప్పుకుని వెళ్లిపోతాడు. ఆమె కళ్లలో నీళ్లు.

కావాలనే ఒక పాత్రను చివరికి ఉంచాను. డొనాల్డ్ బ్రీడన్, డెనిస్ హేస్‌బర్ట్ వేశాడు. సినిమా అంతటిలో నాలుగైదు చిన్న సన్నివేశాలు. జైలు నుంచి పెరోల్ మీద వచ్చి ఒక హోటల్ వంటగదిలో చేరతాడు. అక్కడి యజమాని మొదటి రోజే చెబుతాడు: నీ జీతంలో నాలుగో వంతు నాది, అంట్లూ మరుగుదొడ్లూ నీవే, ఎదురు మాట్లాడితే నీ మీద ఫిర్యాదు రాసి మళ్లీ లోపలికి పంపిస్తా. బ్రీడన్ పళ్ల బిగువున ఓర్చుకుంటాడు. రాత్రి అతని భార్య లిలియన్, నిన్ను చూస్తే నాకు గర్వంగా ఉందంటుంది. దేనికి గర్వమని అతను అడుగుతాడు. బ్యాంకు దోపిడీ రోజు పొద్దున ముఠాకు డ్రైవర్ కావలసి వస్తుంది. జైలులో తెలిసిన నీల్ ఆ హోటల్లోనే కనిపించి, ఇప్పుడే చెప్పు, అవునా కాదా అంటాడు. బ్రీడన్ ఒక్కసారి వంటగది వైపు చూస్తాడు. కొన్ని క్షణాలే. ఒప్పుకుంటాడు, అడ్డొచ్చిన యజమానిని తోసేసి బయటికి నడుస్తాడు. గంట తిరక్కుండానే కారు స్టీరింగు ముందు తూటా తగిలి చనిపోతాడు. లిలియన్‌కు ఆ వార్త టీవీలో తెలుస్తుంది.

ఇది తెలివితక్కువ నిర్ణయమని చెప్పడం సులభం. దోపిడీ పళ్లెంలో ఏముందో అతను సరిగా చూడలేదన్నది నిజమే. కానీ రెండో పళ్లెంలో, నిజాయితీ బతుకు పళ్లెంలో, ఏం పెట్టాం? కోసుకున్న జీతం, చెప్పుకునే దిక్కులేని అవమానం. పెరోల్ అధికారి మాటకు విలువ, యజమాని మాటకు విలువ, అతని మాటకు లేదు. బెకర్ సూత్రంలో శిక్షపడే అవకాశం మీదా, శిక్ష పరిమాణం మీదా చట్టసభలు గంటల కొద్దీ చర్చిస్తాయి. ఆ మూడో అక్షరం, ఆ సంచి, మన చర్చల్లో ఎప్పుడూ మూత విప్పకుండానే ఉంటుంది. నేరగాడు తూస్తాడని ఒప్పుకున్నాక, రెండు పళ్లేలనూ చూడాల్సిన బాధ్యత మనది. ఒకదాంట్లో రాళ్లు పెంచుతూ పోయి, రెండోదాన్ని ఖాళీగా వదిలేసి, తక్కెడ ఎటు మొగ్గిందో చూసి ఆశ్చర్యపోకూడదు.

నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక కుర్రవాడికి దొంగతనం కేసులో బెయిలు తెచ్చాను. ఒక మెస్సులో పనికి కుదిరాడు. రెండు నెలల తర్వాత వచ్చి, యజమాని జీతం సగమే ఇస్తున్నాడనీ, అడిగితే నీ కేసు సంగతి అందరికీ చెబుతానంటున్నాడనీ అన్నాడు. కార్మిక శాఖకు వెళ్దామా సార్ అని అడిగాడు. కేసు నడుస్తోంది, ఇప్పుడు గొడవలెందుకు, సర్దుకుపో అని నేను సలహా ఇచ్చాను. కేసు గెలవడం మీదే నా చూపంతా. మాస్టారి ప్రశ్న ఆ రోజు నాకు గుర్తు రాలేదు. వచ్చి ఉంటే ఒక ఉత్తరం రాసేవాణ్ణి, అంతకన్నా పెద్ద పనేమీ కాదది. ఆరు నెలలకు అతని పేరుతోనే ఇంకో రిమాండ్ రిపోర్టు నా బల్ల మీదికి వచ్చింది. వయసు, తండ్రి పేరు, ఊరు వరసగా ఉన్నాయి. వృత్తి అన్న చోట ‘ఏమీ లేదు’ అని రాసి ఉంది. మెస్సు మానేశాడని నాకు తెలిసింది అప్పుడే.